ఫారం డేటాను సర్వర్‌లో ఎలా స్వీకరించాలి? అన్నిటికీ ఒకే ‘క్లీన్’ ఫంక్షన్ సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒక డిగ్రీ కళాశాల ప్రవేశాల కోసం పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌లతో దరఖాస్తు ఫారం తయారు చేస్తున్నారు. ప్రతి ఫీల్డ్‌కూ ‘రిక్వైర్డ్’ పెట్టారు, జావాస్క్రిప్ట్‌తో తనిఖీ కూడా చేస్తున్నారు. సర్వర్‌కు చేరిన ప్రతి విలువనూ ట్రిమ్, స్ట్రిప్‌స్లాషెస్, హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ అనే మూడింటినీ వరుసగా నడిపే ఒక ‘క్లీన్’ ఫంక్షన్ గుండా పంపి, తరువాత ఇన్సర్ట్ క్వెరీలో అతికించి డేటాబేస్‌లో వేస్తున్నారు. ఇది చాలునా, ఇంకేమైనా చేయాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే చాలదు. పైగా ఆ ‘క్లీన్’ ఫంక్షన్‌ను పూర్తిగా తీసివేయమనే నా సలహా. డేటా లోపలికి వచ్చేటప్పుడు ఆ ఫీల్డ్ అర్థాన్ని బట్టి తనిఖీ చేయండి. బయటికి వెళ్లేటప్పుడు అది వెళ్లే చోటును బట్టి ఎస్కేప్ చేయండి, అంటే అక్కడ ప్రత్యేక అర్థమున్న గుర్తులను మామూలు అక్షరాలుగా చదివేలా మార్చండి. ఈ రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు సమయాల్లో జరగవలసినవి. రెండింటినీ కలిపి ‘శుభ్రం చేయడం’ అనే ఒకే మెట్టుగా మార్చినప్పుడు తనిఖీ జరగదు, రక్షణా దక్కదు, సరైన డేటా కూడా పాడవుతుంది. ఈ మూడూ ఎలా జరుగుతాయో వివరంగా రాస్తాను. ఉదాహరణలు పీహెచ్‌పీవే అయినా, జాంగోలోనైనా, స్ప్రింగ్‌లోనైనా, నోడ్‌లోనైనా పద్ధతి ఇదే.

ముందుగా మీ ఫంక్షన్‌లోని మూడు భాగాలను చూద్దాం. మొదట, చివర ఉన్న ఖాళీలను తీసే ట్రిమ్ వల్ల నష్టం లేదు, సంకేతపదాలకు (పాస్‌వర్డ్‌లకు) మాత్రం వాడకండి. స్ట్రిప్‌స్లాషెస్ పాత కాలపు అవశేషం. ఒకప్పుడు పీహెచ్‌పీలో మ్యాజిక్ కోట్స్ అనే సెట్టింగ్ ఉండేది. అది వచ్చిన ప్రతి కోట్ గుర్తుకు ముందు తనంతట తానే బ్యాక్‌స్లాష్ చేర్చేది కాబట్టి, దాన్ని తొలగించడానికి అందరూ ఈ ఫంక్షన్ వాడేవారు. 2012లో వచ్చిన పీహెచ్‌పీ 5.4లో ఆ సెట్టింగ్‌నే ఎత్తివేశారు. నేడు ఆ ఫంక్షన్ చేసేదల్లా వినియోగదారుడు నిజంగా రాసిన బ్యాక్‌స్లాష్‌ను చెరిపేయడమే. ఇక హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ హెచ్‌టీఎంఎల్‌లో ప్రత్యేక అర్థమున్న గుర్తులను ఎస్కేప్ చేసే మంచి ఫంక్షనే కానీ, దాని స్థానం డేటాబేస్‌కు ముందు కాదు, వెబ్ పేజీలో ముద్రించే చోట. దాన్ని ముందే నడిపితే ‘శ్రీనివాస & సన్స్’ అనే పేరు డేటాబేస్‌లో ‘శ్రీనివాస &amp; సన్స్’ అయి కూర్చుంటుంది. అదే ఎస్‌ఎంఎస్‌లోకి, ఎక్సెల్ పట్టికలోకి, ముద్రించిన రసీదులోకి అలాగే వెళుతుంది. రెండోసారి ఎడిట్ చేసి సేవ్ చేస్తే ఆ గుర్తు మరొకసారి ఎస్కేప్ అయి ఇంకా పొడవవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫంక్షన్ ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌ను, అంటే ఫీల్డ్‌లో రాసిన మాటలు డేటాబేస్ ఆదేశాలుగా నడిచే దాడిని, ఆపడానికి పుట్టింది కాదు. పాత పీహెచ్‌పీ వెర్షన్లలో అది అప్రమేయంగా సింగిల్ కోట్‌ను తాకేదే కాదు, 8.1 నుంచి తాకుతుంది. అయినా క్వెరీలో కోట్ గుర్తుల మధ్య లేని సంఖ్య దగ్గర, ఉదాహరణకు దరఖాస్తు నంబరు ఆధారంగా వెతికే చోట, దాడి చేయడానికి కోట్ గుర్తే అవసరం లేదు. దీనికి పరిష్కారం ఒక్కటే: పీడీఓ లేదా మైఎస్‌క్యూఎల్‌ఐతో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ రాసి, విలువలను వేరుగా బైండ్ చేయడం, అంటే క్వెరీ వాక్యంలో అతికించకుండా విడిగా పంపడం. అప్పుడు సికింద్రాబాద్‌లోని డిసౌజా గారు తన పేరులో కోట్ గుర్తు పెట్టుకున్నా క్వెరీ విరగదు, దురుద్దేశంతో రాసిన వాక్యమూ కేవలం అక్షరాలుగానే నిల్వ అవుతుంది. ఒక పరిమితి ఉంది: పట్టిక పేరును, నిలువు వరుస పేరును, ఆరోహణ అవరోహణ క్రమాన్ని బైండ్ చేయలేరు. జాబితాను ఏ వరుసలో చూపాలో వినియోగదారుడు ఎంచుకునే చోట, అనుమతించిన పేర్ల జాబితా మీ కోడ్‌లో ఉంచుకుని, వచ్చిన విలువ అందులో ఉంటేనే వాడండి.

ఇక బ్రౌజర్‌లో మీరు చేసిన తనిఖీ గురించి. దాన్ని తీసివేయనక్కరలేదు, అది నింపేవారికి సౌకర్యం. కానీ అది రక్షణ కాదు. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి ‘రిక్వైర్డ్’ అనే మాటను చెరిపేయడానికి క్షణం పట్టదు. కర్ల్ లాంటి కమాండ్ లైన్ సాధనంతో అసలు ఫారమే తెరవకుండా అభ్యర్థన పంపవచ్చు. దాగి ఉన్న ఫీల్డ్, డ్రాప్‌డౌన్‌లోని ఎంపికలు, చదవడానికి మాత్రమే అని పెట్టిన ఫీల్డ్, ఇవన్నీ పంపేవారి చేతిలోనివే. ఒక ప్రైవేటు సంస్థ కోడ్‌ను పరిశీలించమని నన్ను పిలిచినప్పుడు, దరఖాస్తు రుసుము మొత్తం ఒక దాగి ఉన్న ఫీల్డ్‌లో కనిపించింది. సర్వర్ దాన్నే తీసుకుని చెల్లింపు గేట్‌వేకు పంపుతోంది. అక్కడ 500 బదులు 1 అని రాసినా దరఖాస్తు సజావుగా నమోదవుతుంది. రుసుము ఎంతో కోర్సు కోడ్‌ను బట్టి సర్వర్ తేల్చాలి. చెల్లింపు పూర్తయిందన్న సమాచారాన్ని కూడా గేట్‌వే ఇచ్చే సంతకాన్ని సరిచూశాకే నమ్మాలి.

ఇప్పుడు అసలు తనిఖీకి వద్దాం. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

మొదటిది, మీరు ఆశించే ఫీల్డుల పేర్లను మీరే రాసుకోండి. ఫారం విలువలు వచ్చి చేరే పోస్ట్ అరేలో ఏముంటే దాన్నంతా లూప్‌లో తిప్పి డేటాబేస్‌లోకి పంపే కోడ్ చూడడానికి పొందికగా ఉంటుంది, కానీ వినియోగదారుడు ‘రోల్’ అనే అదనపు ఫీల్డ్ కలిపి అందులో ‘అడ్మిన్’ అని పంపితే అది కూడా లోపలికి పోతుంది. దీన్ని మాస్ అసైన్‌మెంట్ అంటారు. 2012 మార్చిలో గిట్‌హబ్‌లో ఒక డెవలపర్ ఈ లోపాన్నే వాడి, తనకు హక్కు లేని రైల్స్ (రూబీ భాషలోని వెబ్ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టుకు, కోడ్ మార్చే వీలునిచ్చే తన కీని చేర్చుకుని చూపించాడు. ఆ తరువాతే రైల్స్ 4లో అనుమతించిన ఫీల్డులను విధిగా పేర్కొనే పద్ధతి వచ్చింది. పీహెచ్‌పీ చరిత్రలోనూ ఇదే కథ ఇంకా ముందే నడిచింది. ఫారం ఫీల్డులు నేరుగా వేరియబుల్స్ అయిపోయే రిజిస్టర్ గ్లోబల్స్‌ను 2002లో 4.2తో అప్రమేయంగా ఆపివేశారు, 5.4లో తొలగించారు. వింతేమిటంటే, ఆ సెట్టింగ్ చేసే పనినే ఎక్స్‌ట్రాక్ట్ అనే ఫంక్షన్‌తో తిరిగి తెచ్చుకునే కోడ్ ఇప్పటికీ నాకు ఎదురవుతూ ఉంటుంది.

రెండోది, విలువ ఏ రూపంలో వచ్చిందో చూడండి. ఫీల్డ్ పేరు చివర చతురస్ర బ్రాకెట్లు చేర్చి పంపితే పీహెచ్‌పీ దాన్ని అరేగా మారుస్తుంది. అప్పుడు మీ ట్రిమ్‌కు స్ట్రింగ్ బదులు అరే చేరి, పీహెచ్‌పీ 8లో టైప్ ఎర్రర్‌తో పేజీ ఆగిపోతుంది. ఆ ఎర్రర్ పూర్తి పాత్‌తో సహా తెరమీద కనబడితే అది అదనపు సమాచార లీకు. కాబట్టి ముందు స్ట్రింగేనా అని అడిగి, కాకపోతే చెల్లని విలువగా తీసుకోండి. టిక్ చేయని చెక్‌బాక్స్ అసలు రాదు. డిసేబుల్ చేసిన ఫీల్డ్ కూడా రాదు. ‘ఫీల్డ్ లేదు’, ‘ఫీల్డ్ ఖాళీగా ఉంది’ అనేవి రెండు వేర్వేరు స్థితులు అని గుర్తుంచుకోండి. అలాగే ఖాళీయా కాదా అని చూడడానికి ఎంప్టీ ఫంక్షన్ వాడకండి. దాని దృష్టిలో ‘0’ అనే స్ట్రింగ్ కూడా ఖాళీయే. ‘బ్యాక్‌లాగ్‌లు ఎన్ని?’ అన్న ప్రశ్నకు నిజాయితీగా 0 రాసిన విద్యార్థికి ‘ఈ ఫీల్డ్ తప్పనిసరి’ అన్న సందేశం వస్తుంది. ట్రిమ్ చేసిన విలువను ఖాళీ స్ట్రింగ్‌తో మూడు సమాన గుర్తులతో పోల్చడమే సరైనది.

మూడోది ఫీల్డ్ అర్థం. దీనికి సాధారణ సూత్రం లేదు, ఒక్కొక్క ఫీల్డ్ దగ్గర ఆగి ఆలోచించవలసిందే.

పేరుతో మొదలుపెడదాం, ఎందుకంటే మన భాషలో నింపే ఫారాలకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. చాలా పాఠాల్లో పేరుకు ఇచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆంగ్ల అక్షరాలను, ఖాళీని, హైఫన్‌ను మాత్రమే అనుమతిస్తుంది. తెలుగులో రాసిన పేరు అక్కడే తిరస్కరణకు గురవుతుంది. కొంచెం తెలిసినవారు దాన్ని యూనికోడ్ ‘అక్షరం’ వర్గంగా మారుస్తారు, అయినా పని జరగదు. ఎందుకంటే గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, ‘మార్క్’ అనే వేరే వర్గానికి చెందినవి. ‘కమల’ అంగీకృతమై ‘కుమారి’ తిరస్కృతమయ్యే విచిత్రం ఇలాగే పుడుతుంది. రెండు వర్గాలనూ కలిపినా ఇంకొకటి మిగులుతుంది. ‘రాజ్‌కుమార్’ అనే పేరులో జ్ తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది; అది అక్షరమూ కాదు, మార్కూ కాదు. ‘కనిపించని అక్షరాలను తొలగించు’ అనే ఉత్సాహంతో యూనికోడ్ సి వర్గాన్ని మొత్తంగా తుడిచిపెట్టే కోడ్ రాస్తే ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అవుతుంది. తీసివేయవలసినవి నియంత్రణ అక్షరాలు మాత్రమే, అంటే సీసీ అనే ఉపవర్గం. నా పద్ధతిలో పేరు ఫీల్డ్‌కు ఉండే తనిఖీలు మూడే: అది సరైన యూటీఎఫ్‌-8 అయి ఉండాలి, నియంత్రణ అక్షరాలు ఉండకూడదు, నిడివి ఒకటి నుంచి వంద లోపు ఉండాలి. ఇంటిపేరును వేరే తప్పనిసరి ఫీల్డ్‌గా పెట్టకండి. ఒకే మాట పేరుగా ఉన్నవారు చాలామంది ఉన్నారు. వారు ఆ ఫీల్డ్‌లో చుక్క పెట్టి ముందుకు పోతారు, ఆ చుక్క తరువాత మార్కుల జాబితాలో కూడా ముద్రితమవుతుంది.

నిడివి అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్ ప్రతి గుర్తుకూ ఇచ్చే సంఖ్య) యూటీఎఫ్‌-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. ‘శ్రీ’ మన కంటికి ఒకే అక్షరం; యూనికోడ్‌లో శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు కోడ్ పాయింట్లు; స్ట్ర్‌లెన్ బైట్లను లెక్కించి దాన్ని 12 అంటుంది, కోడ్ పాయింట్లను లెక్కించే ఎంబీ స్ట్ర్‌లెన్ 4 అంటుంది. 50 పరిమితిని స్ట్ర్‌లెన్‌తో చూస్తే ‘వెంకట సుబ్రహ్మణ్యేశ్వర’ అనే పేరు 64 బైట్లతో తిరస్కృతమవుతుంది, నిజానికి అందులో ఉన్నవి 22 కోడ్ పాయింట్లే. మైఎస్‌క్యూఎల్ వార్‌చార్ 50 అంటే యాభై కోడ్ పాయింట్లు, బైట్లు కాదు. కాబట్టి ఎంబీ స్ట్ర్‌లెన్ లెక్కే దానితో సరిపోతుంది. పొడవైన విలువను సబ్‌స్ట్ర్‌తో కత్తిరించడం ఇంకా ప్రమాదం. మూడు బైట్ల మధ్యలో తెగితే ఆ స్ట్రింగ్ చెల్లని యూటీఎఫ్‌-8 అవుతుంది, తరువాత ఎప్పుడో డేటాను జేసన్ అనే పాఠ్య రూపంలోకి మార్చే జేసన్ ఎన్‌కోడ్ ఫాల్స్ ఇస్తుంది, అది ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికి పూట పడుతుంది. పరిమితి మించితే కత్తిరించకండి, నింపినవారికి చెప్పండి. పట్టికనూ, కనెక్షన్‌నూ యూటీఎఫ్‌8ఎంబీ4లో ఉంచండి. మైఎస్‌క్యూఎల్ పాత ‘యూటీఎఫ్‌8’లో తెలుగు ఇముడుతుంది గానీ ఎమోజీ ఇమడదు.

చిరునామా లాంటి బహుళ వరుసల ఫీల్డ్‌లో ఇంకొక చిన్న తేడా ఉంది. బ్రౌజర్ మాక్స్‌లెంగ్త్ లెక్కలో ప్రతి కొత్త వరుస ఒక అక్షరమే, కానీ పంపేటప్పుడు అది రెండు అక్షరాలుగా వెళుతుంది. సరిగ్గా పరిమితి వరకు రాసినవారికి బ్రౌజర్ సరేనంటే సర్వర్ కాదంటుంది. సర్వర్‌లో వరుస ముగింపులను ఒకే రూపానికి మార్చి ఆ తరువాత లెక్కించండి.

సంఖ్యల దగ్గర మన దేశపు అలవాట్లను మరవకండి. వార్షిక ఆదాయం అడిగితే జనం 1,50,000 అని కామాలతో రాస్తారు. దాన్ని పీహెచ్‌పీలో ఇంట్‌కు కాస్ట్ చేస్తే వచ్చేది 1. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. స్కాలర్‌షిప్ అర్హత తేల్చవలసిన ఒక పట్టికలో ఆదాయం వరుసంతా 1, 2, 3 అని ఉండడం నేను కళ్లారా చూశాను. అసలు విలువలు పోయాయి కాబట్టి అందరికీ మళ్లీ ఫోన్ చేయడం తప్ప ఆ కళాశాలకు మార్గం లేకపోయింది. కామాలను, ఖాళీలను మీరే తొలగించి, మిగిలింది 0 నుంచి 9 వరకు ఉన్న అంకెలేనా అని చూసి, అప్పుడు మార్చండి. ఇక్కడ అంకె అనడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ డి వాడకుండా 0-9 అని విడిగా రాయమంటాను, ఎందుకంటే పీహెచ్‌పీలో యు మాడిఫైయర్‌తో అది తెలుగు అంకెలను కూడా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక ఇంట్‌కు మారిస్తే ‘౧౫’ సున్నా అవుతుంది. తెలుగు అంకెలను అంగీకరించాలనుకుంటే ముందే మామూలు అంకెలుగా మార్చుకోండి, అది మంచి మర్యాదే.

మొబైల్ నంబరు, హాల్ టికెట్ నంబరు, పిన్ కోడ్ లెక్కలు చేసే సంఖ్యలు కావు, వాటిని స్ట్రింగ్‌లుగానే ఉంచండి. మొబైల్‌కు ముందున్న +91 గానీ 0 గానీ, మధ్య ఖాళీలు, హైఫన్లు తొలగించి, మిగిలింది 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలయ్యే పది అంకెలేనా అని చూడడం సరిపోతుంది. మనిషి రాసిన తీరును తప్పుపట్టడం కంటే కోడ్ సర్దుకోవడం తేలిక. కానీ అది ఆయన నంబరేనా అన్నది ఏ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనూ తేల్చలేదు, ఓటీపీ పంపవలసిందే.

తేదీలు ఇంకా మోసం చేస్తాయి. 05/08/2006 అని రాసినవారు ఆగస్టు 5 అనుకుంటారు. తేదీని చదివే స్ట్ర్‌టోటైమ్ ఫంక్షన్ ఏటవాలు గీతలను చూసి అమెరికా పద్ధతిలో మే 8 అనుకుంటుంది. అదే తేదీని హైఫన్లతో రాస్తే ఆగస్టు 5 అంటుంది. కాబట్టి రూపాన్ని స్పష్టంగా చెప్పే క్రియేట్ ఫ్రమ్ ఫార్మాట్ వాడండి. దానిలోనూ ఒక చిక్కుంది. 31/02/2005 ఇస్తే అది తిరస్కరించదు, మార్చి 3గా మార్చి ఇస్తుంది. అందుకని వచ్చిన తేదీని తిరిగి అదే రూపంలో రాసి, వినియోగదారుడు పంపిన స్ట్రింగ్‌తో పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే తేదీ చెల్లదు.

డ్రాప్‌డౌన్, రేడియో బటన్ల విలువలను మీ దగ్గరి జాబితాతో మూడో ఆర్గ్యుమెంట్ ట్రూ పెట్టిన ఇన్ అరేతో పోల్చండి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఫోటో, సర్టిఫికెట్ల అప్‌లోడ్ మీ ఫారంలో ఉంటుంది కాబట్టి పరిమితుల సంగతి తెలియాలి. పీహెచ్‌పీ అప్రమేయ సెట్టింగులలో ఒక్కో ఫైలు 2 ఎంబీ, మొత్తం పోస్ట్ 8 ఎంబీ దాటకూడదు. ఇప్పటి ఫోన్లతో తీసిన ఫోటో చాలాసార్లు ఆ 2 ఎంబీని దాటుతుంది. పోస్ట్ మొత్తం పరిమితి దాటినప్పుడు జరిగేది మరీ అయోమయం: పోస్ట్ అరే, ఫైల్స్ అరే రెండూ ఖాళీగా వస్తాయి. ఫారమంతా శ్రద్ధగా నింపిన విద్యార్థికి ‘పేరు తప్పనిసరి, తండ్రి పేరు తప్పనిసరి, చిరునామా తప్పనిసరి’ అని పేజీ నిండా ఎర్రర్లు కనిపిస్తాయి. అభ్యర్థన పోస్ట్ అయి, పోస్ట్ అరే ఖాళీగా ఉండి, కంటెంట్ లెంగ్త్ సున్నా కంటే ఎక్కువైతే అది ఈ సందర్భమే; ‘ఫైళ్ల పరిమాణం ఎక్కువైంది’ అని స్పష్టంగా చెప్పండి.

ఫైలు రకం గురించి బ్రౌజర్ పంపిన మాటను, పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను నమ్మకండి. ఫైల్‌ఇన్ఫోతో లోపలి విషయాన్ని చూడండి, వెబ్ ఫోల్డర్ బయట భద్రపరచండి, పేరు మీరే యాదృచ్ఛికంగా పెట్టండి, ఫోటో అయితే జీడీ అనే చిత్రాల లైబ్రరీతో తిరిగి సేవ్ చేయండి. చివరిది చేస్తే ఫోటోలో దాగిన కోడ్ చాలావరకు పోతుంది, ఫోన్ చేర్చిన జీపీఎస్ వివరాలు కూడా పోతాయి.

ఇలాంటిదే మరొక పరిమితి మాక్స్ ఇన్‌పుట్ వార్స్. ఒక అభ్యర్థనలో ఎన్ని ఫీల్డులు స్వీకరించాలో ఇది చెబుతుంది, అప్రమేయ విలువ 1000. 2011 చివర్లో, ప్రత్యేకంగా ఎంచిన వేలకొద్దీ ఫీల్డ్ పేర్లు పంపి సర్వర్‌ను స్తంభింపజేసే హ్యాష్ కొలిజన్ దాడులు బయటపడిన దరిమిలా 5.3.9లో దీన్ని చేర్చారు. ప్రవేశాల ఫారానికి దీనితో పేచీ రాదు. కానీ అదే కళాశాల మిమ్మల్ని రేపు మార్కుల నమోదు పేజీ అడుగుతుంది. 80 మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి 14 ఫీల్డులు అంటే 1120. మొదటి వెయ్యి నమోదై, జాబితా చివరి విద్యార్థుల మార్కులు మాయమవుతాయి. లాగ్‌లో ఒక హెచ్చరిక తప్ప మరేమీ కనిపించదు. పరిమితి పెంచడం ఒక మార్గం. పట్టికను జేసన్‌గా మార్చి ఒకే ఫీల్డ్‌లో పంపడం ఇంకొకటి. జేసన్‌ను నేరుగా అభ్యర్థన బాడీగా పంపితే పోస్ట్ అరే ఖాళీగా ఉంటుందని, పీహెచ్‌పీ ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి చదువుకోవాలని మాత్రం గుర్తుంచుకోండి.

తనిఖీలో తప్పులు దొరికితే అన్నిటినీ ఒకేసారి చూపండి, ఒక్కొక్కటిగా కాదు. వారు నింపినదంతా తిరిగి ఫారంలో ఉంచండి, సంకేతపదం తప్ప. ఆ విలువలను తిరిగి చూపేటప్పుడు హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ తప్పనిసరి. దాని అసలు చోటు ఇదే.

నమోదు విజయవంతమైతే పేజీని అక్కడికక్కడే ముద్రించకుండా 303 అనే హెచ్‌టీటీపీ కోడ్‌తో వేరే చిరునామాకు మళ్లించండి. లేకపోతే రీఫ్రెష్ చేసిన ప్రతిసారీ దరఖాస్తు మళ్లీ నమోదవుతుంది. ఇది కూడా పూర్తి రక్షణ కాదు. నెట్ నెమ్మదిగా ఉన్న చోట జనం బటన్‌ను రెండు మూడుసార్లు నొక్కుతారు, రెండు అభ్యర్థనలు దాదాపు ఒకేసారి చేరతాయి. ‘ఈ హాల్ టికెట్ నంబరు ఇప్పటికే ఉందా’ అని సెలెక్ట్‌తో చూసి తరువాత ఇన్సర్ట్ చేసే కోడ్‌లో రెండూ ‘లేదు’ అనే సమాధానం పొంది రెండూ లోపలికి వెళతాయి. దీన్ని ఆపగలిగేది, ఒకే విలువను రెండోసారి చేరనివ్వని, డేటాబేస్‌లోని యూనిక్ కీ ఒక్కటే. దానివల్ల వచ్చే డూప్లికేట్ ఎర్రర్‌ను పట్టుకుని ‘మీ దరఖాస్తు ఇప్పటికే అందింది’ అని చెప్పండి.

అభ్యర్థన మీ ఫారం నుంచే వచ్చిందని తేల్చుకోవడానికి సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (వేరే సైటు వినియోగదారుడి పేరిట పంపే నకిలీ అభ్యర్థనలను ఆపే రహస్య విలువ) వాడండి: ర్యాండమ్ బైట్స్‌తో తయారు చేసి సెషన్‌లో ఉంచి, హ్యాష్ ఈక్వల్స్‌తో పోల్చండి. అయితే పీహెచ్‌పీ సెషన్ అప్రమేయ జీవితకాలం 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. కుల ధ్రువీకరణ పత్రం నంబరు కోసం బీరువా వెతికి వచ్చేసరికి ఆ సమయం దాటవచ్చు. టోకెన్ చెల్లలేదని ఖాళీ ఫారం చూపితే ఆ విద్యార్థి మళ్లీ నింపుతాడన్న నమ్మకం లేదు. నింపిన విలువలతోనే కొత్త టోకెన్ ఇచ్చి మరొకసారి సమర్పించమనండి.

బయటికి వెళ్లే దారులు వెబ్ పేజీ ఒక్కటే కాదు. కార్యాలయం వారు సీఎస్‌వీ అడుగుతారు. విలువ సమాన గుర్తుతో మొదలైతే ఎక్సెల్ దాన్ని సూత్రంగా నడుపుతుంది, కాబట్టి అలాంటి విలువల ముందు సింగిల్ కోట్ చేర్చండి. దరఖాస్తుదారు ఈమెయిల్‌ను మెయిల్ హెడర్‌లో వాడితే, అందులో కొత్త వరుస అక్షరం ఉందేమో చూడకపోతే మీ సర్వర్ స్పామ్ పంపే యంత్రమవుతుంది. విలువను జావాస్క్రిప్ట్‌లోకి పంపాలంటే హెచ్‌టీఎంఎల్ ఎస్కేపింగ్ కాదు, జేసన్ ఎన్‌కోడ్ కావాలి.

ఆధార్ నంబరు నిజంగా అవసరమా అని కళాశాలను ఒకసారి అడగండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం పేర్కొన్న ప్రయోజనానికి అవసరమైన మేరకే డేటా తీసుకోవాలి. డీబగ్గింగ్ కోసం పోస్ట్ అరేను మొత్తంగా లాగ్ ఫైలులో రాసే వరుస ఏదైనా ఉంటే ఈరోజే తీసివేయండి.

చివరిగా, ఇప్పటికే మీ పట్టికలో ఎస్కేప్ అయి చేరిన పాత దరఖాస్తుల సంగతి. వాటిని సరిచేసే క్రమం ముఖ్యం. మొదట క్వెరీలన్నీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు మార్చండి. తరువాత ముద్రించే ప్రతి చోటా ఎస్కేపింగ్ చేర్చండి; కొంతకాలం పేర్లలో &amp; లాంటివి కనిపిస్తాయి, హాని లేదు. అప్పుడు ‘క్లీన్’ ఫంక్షన్‌ను తొలగించండి. ఆ తరువాతే బ్యాకప్ తీసుకుని, ‘క్లీన్’ ఫంక్షన్ ఉన్న కాలంలో చేరిన వరుసలను మాత్రమే డీకోడ్ చేయండి. ఎడిట్ అయిన దరఖాస్తుల్లో రెండుసార్లు ఎస్కేప్ అయినవి ఉంటాయి కనుక వాటిని విడిగా వెతకండి. ఈ క్రమాన్ని తిరగేసి డీకోడ్‌ను ముందు నడిపితే, ఎవరైనా పేరు ఫీల్డ్‌లో స్క్రిప్ట్ రాసి ఉంచినట్లయితే అది అడ్మిన్ పేజీ తెరిచిన మొదటి గుమాస్తా బ్రౌజర్‌లో నడుస్తుంది.